రాత్రి ఎనిమిదికి ఇంట్లో ఎవరెవరు ఉంటారు? ఒక కుటుంబ భోజన ప్రణాళికపై కేస్ స్టడీ

పోషకాహార సలహా కోసం నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఎక్కువమంది మెనూ చార్ట్ అడుగుతారు. ఈ కేసులోనూ అదే అడిగారు. చార్ట్ ఇవ్వకుండా మొదలుపెట్టి, చివరిదాకా ఇవ్వకుండానే నడిపించిన కేసు కాబట్టి రాసిపెడుతున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. వయసులు, ఉద్యోగాలు, గుర్తుపట్టే వీలున్న ఇతర వివరాలు మార్చాను. నిర్ణయాలకు కారణమైన విషయాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

ఇంట్లో ఐదుగురు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. ఆమెది ఆఫీసు పని, ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. ఆయనది వారం వారం మారే షిఫ్టు: ఒక వారం ఉదయం, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. పద్నాలుగేళ్ల అబ్బాయి స్కూలయ్యాక ఆటల ప్రాక్టీసుకు వెళ్తాడు. ఆరేళ్ల అమ్మాయి తిండి దగ్గర మొండికేస్తుంది. డెబ్బై దాటిన అత్తగారికి బీపీ, రోజూ మాత్ర వేసుకుంటారు. కూర్చుని చేసే పని ఏదైనా చేస్తారు గానీ పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేరు.

భర్తకు మామూలు ఆరోగ్య పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ, అంటే రక్తంలో చక్కెర సగటును చూపే పరీక్ష, 6.1 శాతం వచ్చింది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్కలో 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వ్యాధికి ముందు దశ. మందులు ఇప్పుడే వద్దు, తిండీ బరువూ చూసుకోమని చెప్పి డాక్టర్ నా దగ్గరికి పంపారు. పంపింది ఆయన్ని, వచ్చింది ఆమె. ఫైల్లో నేను రాసుకున్న మొదటి వాక్యం అదే.

అడిగిన సమస్య

"మేడమ్, నెల రోజులకి మెనూ రాసిచ్చేయండి. ఫ్రిజ్ మీద అంటించుకుని అలాగే చేసేస్తాను" అన్నారామె. వారంలో నాలుగైదు రాత్రులు బయటి నుంచి తెప్పించుకుంటున్నారు. మిగిలిన రాత్రుల్లో ఆమె ఒక్కరే రెండు మూడు రకాలుగా వండుతున్నారు. అత్తగారికి ఉప్పు తక్కువగా ఒకటి, ఆయనకు పిండిపదార్థం తగ్గించి ఒకటి, పాప తినేది ఇంకొకటి. కొన్న కూరగాయల్లో చాలా భాగం వాడిపోయి చెత్తబుట్టలోకి పోతోంది.

ఇంటర్నెట్‌లో దొరికిన వారం మెనూ ఒకటి వాళ్లు ముందే ప్రయత్నించారు. ఆయన షిఫ్టు మారిన రోజున అది తప్పింది, మళ్లీ పట్టాలెక్కలేదు. క్యాలరీలు లెక్కపెట్టే యాప్ కూడా పెట్టుకున్నారు. అందులో అందరి తిండీ ఎక్కించే పని కూడా ఆమెకే పడింది. వెళ్లబోతూ ఆమె ఒక మాట అన్నారు: "వంట చేయడం నాకు కష్టం కాదండీ. ఈ రాత్రికి ఏం చేయాలా అన్నదే టెన్షన్."

ఆ మాట విన్నాక చార్ట్ ఆపాను. చార్ట్‌లో 'ఏం వండాలి' అన్నదానికే జవాబు ఉంటుంది. ఎంతమందికి, ఎన్నింటికి, ఎవరు వండాలి అన్నవి అందులో ఉండవు. ఒకసారి విఫలమైన పద్ధతినే నా సంతకంతో మళ్లీ ఇస్తే, ఈసారి ఓడిపోయింది తనే అని ఆమె అనుకుంటారు. అలా అనుకున్న మనిషి మళ్లీ రారు.

రికార్డు ఏం చెప్పింది

రెండు వారాల రికార్డు రాయమన్నాను. క్యాలరీలు వద్దన్నాను. నాలుగే గడులు: ఎన్నింటికి తిన్నారు, ఎవరెవరు ఉన్నారు, ప్లేటులో ఏముంది, అది తినాలని ఎప్పుడు నిర్ణయించారు. చివరి గడి చాలామందికి వింతగా ఉంటుంది గానీ, నాకు ఎక్కువ సమాచారం ఇచ్చేది అదే.

దాదాపు అన్ని రాత్రి భోజనాలూ సాయంత్రం ఆరున్నర తర్వాతే తేలాయి. అప్పటికి అందరికీ ఆకలి. ఇంతవరకు నేను ఊహించినదే. ఊహించనిది ఇంకొకటి కనిపించింది. బయటి నుంచి తెప్పించుకున్న రాత్రులు, ఆమెకు ఆఫీసులో పని ఎక్కువున్న రాత్రులు ఒకటి కావు. ఎంతమంది తింటారో తెలియని రాత్రుల్లోనే ఆర్డర్ పెట్టారు. ఆయన షిఫ్టు మారే రోజులు, అబ్బాయికి మ్యాచ్ ఉన్న రోజులు, ఎవరో ఒకరు "లేటవుతుంది" అని ఏడున్నరకు మెసేజ్ పెట్టిన రోజులు. తీరిక లేకపోవడం కన్నా లెక్క తేలకపోవడమే ఆమె చేత ఫోన్ తీయించింది.

ఉప్పు విషయం కూడా రికార్డులోనే బయటపడింది. భోజనం తొమ్మిదికి అవుతుంటే అత్తగారు అంతసేపు ఆగలేక ఆరున్నరకే ఇన్‌స్టంట్ సూప్ ప్యాకెట్ ఒకటి కలుపుకుని తాగుతున్నారు. ప్యాకెట్ మీద రాసి ఉండేది సోడియం. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కోడలు ఆవిడ కోసం విడిగా చప్పగా వండుతున్న శ్రమంతా ఆ కప్పు సూప్‌లో కొట్టుకుపోతోంది. ఇంట్లో ఎవరికీ ఇది తెలియదు. ఆవిడ దాచిందేమీ లేదు, ఎవరూ అడగలేదంతే.

ఇక కూరగాయల లెక్క. పదేళ్లు దాటినవాళ్లు రోజుకు కనీసం 400 గ్రాములు, ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు కనీసం 350 గ్రాములు కూరగాయలూ పండ్లూ తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో ఉంది. ఈ ఇంటికి రోజుకు 1,950 గ్రాములు, వారానికి పదమూడున్నర కిలోల పైమాట. మధ్యాహ్నం బయట తినేది పక్కన పెట్టినా, వాళ్లు తెచ్చుకుంటున్నది అవసరంలో సగం కూడా లేదు. అందులోనూ కొంత పారేస్తున్నారు. అంటే ఎంత మంచి మెనూ రాసిచ్చినా దానికి కావలసిన సరుకు ఇంట్లో ఉండేది కాదు.

నా అంచనా

ఒకే సమస్యలా కనిపిస్తున్నది మూడు ముక్కలుగా తేలింది. నిర్ణయం ఆలస్యంగా జరుగుతోంది. ఇంటి సమాచారమంతా ఒక్కరి తలలోనే ఉంది. ఒక్కొక్కరికి ఒక్కో వంట కావాలన్న నమ్మకం ఉంది.

మూడోదాన్ని మొదట పట్టుకున్నాను, ఎందుకంటే అది తేలిగ్గా వదిలేది. కాగితం మీద ఐదుగురి అవసరాలూ పక్కపక్కన రాసి చూపించాను. ప్రీడయాబెటిస్ ఉన్నాయనకు కావలసినవి ఎక్కువ కూరగాయలు, పప్పుధాన్యాలు, పొట్టు తీయని ధాన్యం, తక్కువ చక్కెర. బీపీ ఉన్న పెద్దావిడకూ అవే, ఉప్పు కాస్త చూసుకోవాలి. పెరిగే పిల్లలకూ అవే, ఆటలాడే అబ్బాయికి ధాన్యం, ప్రోటీన్ ఎక్కువ మోతాదులో. తేడా ఎక్కువగా పరిమాణంలోనే ఉంది. హార్వర్డ్ ప్రజారోగ్య విద్యాసంస్థ 2011లో ఇచ్చిన ప్లేటు బొమ్మను ఇక్కడ వాడుకున్నాను: సగం కూరగాయలూ పండ్లూ, పావు భాగం పొట్టు తీయని ధాన్యం, పావు భాగం ప్రోటీన్. వంట ఒకటే, ప్లేటులో వాటాలు వేరు. ఉప్పు వంటలో తగ్గించి, కావలసినవాళ్లు పైన చల్లుకోవడం.

"అంటే నేను ఇన్నాళ్లూ మూడు వంటలు..." అని ఆమె నవ్వి ఊరుకున్నారు.

ఆదివారం వంట: పని చేయనిది

నేను రెండో అడుగు చెప్పేలోపే ఆమె ఒక ఆలోచనతో వచ్చారు. ఆదివారం ఒక్కరోజే వారానికి సరిపడా వండి డబ్బాల్లో పెట్టేస్తానన్నారు. నాకు అనుమానం ఉన్నా వద్దనలేదు. ఈ పద్ధతి కొన్ని ఇళ్లలో బాగా నడుస్తుంది. పైగా ఇంట్లోవాళ్లు తామే ఎంచుకున్న దారి మూసేస్తే నేను చెప్పేది వినే ఓపిక తగ్గుతుంది. నడవకపోయినా ఎక్కడ ఆగిందో రెండు మూడు వారాల్లో తెలిసిపోతుంది.

భద్రత మాత్రం ముందే చెప్పాను. వండినది గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఫ్రిజ్ 5 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. మిగిలిన ఆహారం ఫ్రిజ్‌లో మూడు రోజులు దాటకుండా, మళ్లీ వేడి చేయడం ఒక్కసారికి మించకుండా చూడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే ఆదివారం వండినది బుధవారం దాకానే. ఆ తర్వాతి రోజులకు కావలసినది మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లోకి వెళ్లాలి. అన్నం గురించి విడిగా హెచ్చరించాను. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం బయట చాలాసేపు ఉంటే వాటి నుంచి బ్యాక్టీరియా పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వేడి చేసుకుంటే సరిపోతుందిలే అన్న ధీమా చాలామందిలో ఉంది కాబట్టి దీన్ని వదలకుండా చెబుతుంటాను.

వంట బాగానే సాగింది. మంగళవారం నుంచి కథ మారింది. రెండు రోజులు ఒకే రుచి తిన్నాక పిల్లలు డబ్బా చూస్తేనే ముఖం తిప్పుకున్నారు. కూరగాయలు మెత్తబడ్డాయి. ఫ్రిజ్ ఎంత కిక్కిరిసిందంటే లోపల గాలి ఆడక, వెనకాల పెట్టినది కనిపించక, గురువారం తీసి పారేశారు. రాత్రి షిఫ్టుకు వెళ్లే ఆయనకు ఏ డబ్బాలో ఏముందో తెలియదు, బయటే తిన్నారు. "ఆదివారం కూడా ఆఫీసు అయిపోయిందండీ" అన్నారామె. ఆపేద్దామన్నాను.

ఆపేముందు ఒక పని చేశాం. పారేసినవేవి, చివరిదాకా తిన్నవేవి అని విడదీసి చూశాం. పూర్తిగా వండిన వంటకాలే ఎక్కువగా చెత్తలోకి వెళ్లాయి. ఉడకబెట్టి పెట్టిన శనగలు, గుడ్లు, తరిగి ఉంచిన గట్టి కూరగాయలు ఒక్కటీ మిగలలేదు. వాటిని ఆ పూట ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకోగలిగారు. పద్ధతి మొత్తం తప్పు కాదు, వండడాన్ని ఎక్కడ ఆపాలన్నదే తేలలేదు. తర్వాతి ప్రణాళిక అంతా ఈ ఒక్క గమనింపు మీద కట్టాను.

పని చేసినది

మొదట గంటల పట్టిక. శనివారం ఉదయం ఐదుగురూ పావుగంట కూర్చోవాలి. ఆయన షిఫ్టు కాగితం తెస్తారు, అబ్బాయి ప్రాక్టీసు, మ్యాచ్‌లు చెబుతాడు. ప్రతి రాత్రికీ మూడే మూడు విషయాలు రాస్తారు: ఎంతమంది, ఎన్నింటికి, పొయ్యి దగ్గర ఎవరు. వంటకం పేరు రాయనివ్వలేదు. అది చూసి ఆ రాత్రికి ఒక రకం నిర్ణయిస్తారు. నలభై నిమిషాలు దొరికితే నిండు వంట. పదిహేను నిమిషాలే ఉంటే సగం వంట, అంటే ముందే ఉడికించి పెట్టినదాన్ని కూరగాయలతో కలిపి వేడి చేసుకోవడం. అదీ లేకపోతే సెలవు: ఉడికిన గుడ్లు, పెరుగు, పచ్చికూరగాయల ముక్కలు, బ్రెడ్, పండ్లు.

సెలవు రాత్రిని ఒప్పించడానికే ఎక్కువ సమయం పట్టింది. పొయ్యి వెలిగించకుండా పెట్టేది భోజనమే కాదని ఆమె మనసులో గట్టిగా ఉంది. ప్లేటు లెక్కన చూపించాను: సగం కూరగాయలూ పండ్లూ ఉన్నాయి, ప్రోటీన్ ఉంది, ధాన్యం ఉంది. ఇంతకుముందు ఆ రాత్రి వచ్చేది బయటి తిండి. సెలవు రాత్రిని పోల్చాల్సింది దానితో, నిండు వంటతో కాదు.

ఎవరి రాక అయినా మారితే సాయంత్రం నాలుగులోపు ఫ్యామిలీ గ్రూప్‌లో చెప్పాలి. నాలుగు దాటాక చెప్పినవాళ్లు ఇంట్లో ఉన్నది తీసుకుని తినాలి, వాళ్ల కోసం ప్రణాళిక మారదు. ఆ గంటను నాలుగుకే పెట్టడానికి కారణం ఉంది. అప్పటికి ఆమె ఆకలి మీద ఉండరు, దారిలో ఏదైనా కొనాలంటే సమయమూ ఉంటుంది.

తర్వాత తయారీ. ఆదివారం నాలుగైదు గంటల బదులు శనివారం ఒకసారి, బుధవారం ఒకసారి, ముప్పావు గంట చొప్పున. రెండుసార్లు ఎందుకంటే ఫ్రిజ్ మూడు రోజుల గడువు దానికి సరిగ్గా సరిపోతుంది. ఆకుకూరలు తెచ్చిన రెండు రోజుల్లో అయిపోవాలి. క్యాబేజీ, క్యారెట్, గుమ్మడి వారం చివరికి. ఆ తర్వాత కూడా ఖాళీ వస్తే ఫ్రీజర్ బఠాణీలు. ఫ్రీజర్ కూరగాయల్లో సత్తువ ఉండదని అత్తగారి అనుమానం. కోసిన కొద్ది గంటల్లోనే గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాలు చాలావరకు నిలుస్తాయనీ, ఫ్రిజ్‌లో వారం రోజులు వాడిపోయిన తాజా కూర కంటే అవే నయమనీ చెప్పాను. కూరలు తరగడం, బఠాణీలు సంచుల్లో పోసి తేదీ రాయడం కూర్చుని చేసే పనులే, ఆవిడ తీసుకున్నారు. తేదీ రాయని సంచి ఒక్కటి కూడా ఆవిడ ఫ్రీజర్‌లోకి పోనివ్వరని తర్వాత తెలిసింది.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. వాళ్లింట్లో స్లో కుక్కర్ ఉంది, ఆయన అందులో రాజ్మా పడేసి షిఫ్టుకు వెళ్దామనుకున్నారు. పచ్చి రాజ్మాలో ఫైటోహీమగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే కడుపు పాడుచేసే ఒక విషపదార్థం ఉంటుంది, దాన్ని పోగొట్టడానికి స్లో కుక్కర్ వేడి చాలదు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లేలా మరిగించాకే దేనిలోనైనా వేయాలి. పది నిమిషాల మరుగు చాలంటారు గానీ నేను అరగంట చెబుతాను.

ఎవరి వంతు ఏమిటి

ఆయన్ని పిలిపించకుండా ముందుకు వెళ్లకూడదనిపించింది. వచ్చారు. "నేను హెల్ప్ చేస్తూనే ఉంటానండీ" అన్నారు. సహాయం అన్నంతకాలం ఏం చేయాలో ఎవరో ఒకరు చెప్పాలి, ఆ చెప్పే పనే ఆమెను అలసగొడుతోంది. అందుకే పనులు పంచలేదు, రాత్రులు పంచాను. వారంలో మూడు రాత్రులు ఆయనవి: ఏం పెట్టాలో ఆలోచించడం, సరుకు చూసుకోవడం, పెట్టడం అన్నీ. రాత్రి షిఫ్టు వారంలో ఆయన మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటారు, సాయంత్రానికి వండి, తిని వెళ్తారు. ఇది ఆయన రక్తంలో చక్కెరకూ మేలే. రాత్రిపూట శరీరం గ్లూకోజ్‌ను పగటిలా సర్దుకోలేదు, కాబట్టి పెద్ద భోజనం షిఫ్టుకు ముందు, మధ్యలో తేలికైనది అన్న నియమం పెట్టాం.

అత్తగారి విషయం తేలిగ్గానే తేలింది. అందరితో తినాలని ఆవిడను తొమ్మిదిదాకా ఆపడం మానేశాం. ఆరున్నరకు ఆవిడకు తయారుగా ఒక గిన్నె ఉంటుంది, తొమ్మిదికి పిల్లలతో కూర్చుని పండు తింటారు. సూప్ ప్యాకెట్లు కొనడం ఆపేశారు. సోడియం తక్కువుండే ఉప్పు వాడదామా అని ఆవిడే అడిగారు. అలాంటి ఉప్పులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటికి అనుకూలంగా మార్గదర్శకం ఇచ్చినా పిల్లలనూ, గర్భిణులనూ, మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లనూ మినహాయించింది. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. కొన్ని బీపీ మాత్రలు కూడా పొటాషియం పెంచుతాయి. ఆవిడ డాక్టర్‌ని అడగకుండా వద్దన్నాను. నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలతో సరిపెట్టుకున్నారు.

పాపతో తండ్రి బేరాలాడేవారు: ఇంకొక్క ముద్ద తింటే చాక్లెట్. దాన్ని ఆపడమే ముఖ్యమనుకున్నాను. అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చెప్పిన పంపకం ఇలాంటి ఇళ్లలో బాగా పనికొస్తుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దలు చూసుకుంటారు. తినాలా వద్దా, ఎంత అన్నది పిల్లల ఇష్టం. బల్ల మీద పాపకు తెలిసినది ఒక్కటైనా ఎప్పుడూ ఉండాలి. కొత్త కూర చిన్న ముక్క పక్కన పెట్టాలి, తినకపోతే ఏమీ అనకూడదు. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి ఎన్నోసార్లు, ఒక్కోసారి పదికి పైనే, ఎదురుపడాల్సి రావచ్చు. చాలా ఇళ్లు మూడోసారికే 'మా పాపకి ఇది పడదు' అని తేల్చేస్తాయి. నెల దాటాక క్యారెట్ తిన్నది. పాలకూర మాత్రం ఈ కేసు రాసేనాటికి కూడా ప్లేటు అంచునే ఉంది.

ఫలితం, మిగిలినవి

నాలుగు నెలల తర్వాత బయటి తిండి వారానికి ఒక రాత్రికి వచ్చింది. అదీ శనివారం పట్టికలో రాసుకున్న రాత్రే. ఆయన హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చింది. ఈ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చూపుతుంది కాబట్టి అంతకంటే ముందు చేయించొద్దన్నాను. కానీ ఈ తగ్గుదలని భోజనాల ఖాతాలో వేయలేను. అదే సమయంలో ఆయన నడక మొదలుపెట్టారు, నాలుగు కిలోలు తగ్గారు. అత్తగారి బీపీ మెరుగైంది గానీ, మధ్యలో డాక్టర్ మాత్ర మార్చారు.

నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఇంకోదానికి. మూడో నెలలో ఆమెకు ఆఫీసులో ఊపిరాడని వారాలు వచ్చాయి. అంతకుముందు అయితే అంతా కుప్పకూలేది. ఈసారి కొన్ని రాత్రులు తప్పాయి, పట్టిక మాత్రం ఆగలేదు. అప్పటికి దాన్ని అబ్బాయి రాస్తున్నాడు, ఆమెను ఎవరూ అడగాల్సిన అవసరం పడలేదు. ఒక కుటుంబం నన్ను మెనూ అడిగితే ఇప్పుడు నేను మొదట అడిగేది, ఈ ఇంట్లో ఎవరు ఊరెళ్తే వంటగది ఆగిపోతుంది అని.

తేలనివి కూడా ఉన్నాయి. ప్రాక్టీసు నుంచి వచ్చిన అబ్బాయి రేపటికని దాచిన శనగల డబ్బా ఖాళీ చేసేస్తాడు. అతని పేరుతో విడిగా పెద్ద డబ్బా పెట్టాం, కొన్నాళ్లు పనిచేసింది, ఇప్పుడు రెండు డబ్బాలూ ఖాళీ. ఆ వయసు ఆకలికి వాటా ఇంకా పెంచాల్సిందే తప్ప మందలించడం వల్ల లాభం లేదు, శనివారం సరుకులో అతని లెక్కని ఇద్దరిగా వేయమన్నాను. మధ్యాహ్న భోజనాలను ఇంకా ముట్టుకోలేదు. భార్యాభర్తలిద్దరూ బయటే తింటున్నారు, రోజువారీ కూరగాయల్లో పెద్ద లోటు అక్కడే. రాత్రి సగం వంటలో ఒక వాటా ఎక్కువ తీసి మర్నాడు పట్టుకెళ్లడం మొదలుపెడదామని అనుకుంటున్నాం. ఆయనకు ఉదయం షిఫ్టు ఉండే వారం నుంచి.